మన యంత్రాలు – మన మరమ్మతులు: తీగ లేని కీబోర్డు చేసిన తప్పు ఎవరిది?



ఈ శీర్షికలో ఇంతవరకు పెద్ద యంత్రాల గురించే ఎక్కువగా ముచ్చటించుకొన్నాం. ఈ మారు అరచేతిలో ఇమిడిపోయే వస్తువుల సంగతి చూద్దాం. తీగ లేని కీబోర్డు, తీగ లేని మౌసు, చెవికి తగిలించుకొనే బ్లూటూత్ పరికరం, ఇవి ఇప్పుడు ప్రతి కార్యాలయంలోను, ప్రతి ఇంటిలోను కనిపిస్తున్నాయి. వాటితోపాటే కొన్ని ఫిర్యాదులు కూడా వినిపిస్తున్నాయి. కీబోర్డు అక్షరాలు మింగేస్తున్నదని ఒకరు, మౌసు బాణం నడుమ నిలిచిపోతున్నదని మరొకరు, బ్లూటూత్ కలిసినట్లే కలిసి విడిపోతున్నదని ఇంకొకరు అంటూ ఉంటారు. చిన్న వస్తువే కదా అని చాలామంది విసుక్కొని ఊరుకొంటారు. నేనూ అలాగే ఊరుకొనేవాడిని. కాని ఈ చిన్న వస్తువు ఒక అమ్మాయి కొలువుకే ఎసరు పెట్టబోయిన సంఘటన ఒకటి నా కళ్లముందే జరిగింది. అందువలన ఈ నెల ఆ విషయమే రాస్తున్నాను.

ఊరంతా రైలే

నేను ఉంటున్న బిలాస్‌పూర్ రైలుతో పెరిగిన ఊరు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే, నాగపూరు నుంచి అసన్సోలు వరకు ప్రధాన మార్గాన్ని 1891లో పూర్తి చేసింది. ఆ రైల్వే కొలువులను నమ్ముకొని శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి తరలివచ్చిన మన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఇక్కడే స్థిరపడిపోయాయి. 2003 నుంచి ఈ ఊరు ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. సరకు బండ్లు, ప్రయాణికుల బండ్లు, షంటింగు ఇంజన్లు, వీటి చప్పుడు వినపడని ఘడియ అంటూ ఇక్కడ ఉండదు.

ఇటువంటి ఊరిలో ఏ వస్తువు మొరాయించినా మొదటి అనుమానం పట్టాలమీద వేలాడే 25 కిలోవోల్టుల తీగ మీదికే పోతుంది. రేడియో గరగరలాడినా ఆ తీగే, దీపం మినుకుమన్నా ఆ తీగే. ఇక కీబోర్డు సంగతి వేరే చెప్పాలా?

ఒక మెమో కథ

మా పొరుగున విశ్రాంత గార్డుగారు ఒకరున్నారు. నేను ఆయనను అన్నయ్యగారూ అని పిలుస్తాను. ఆయన కుమార్తె పట్టణంలోని ఒక కార్యాలయంలో ఒప్పంద పద్ధతిపై లెక్కల విభాగంలో పనిచేస్తున్నది. కాంట్రాక్టు కూలీల పేర్లు, బ్యాంకు ఖాతా సంఖ్యలు కంప్యూటరులోకి ఎక్కించడం ఆమె పని. ఒక ఆదివారం సాయంత్రం ఆమె చేతిలో కాగితంతో మా ఇంటికి వచ్చింది. అది మెమో. రెండు నెలల్లో ఆరుగురు కూలీల ఖాతా సంఖ్యలు తప్పుగా ఎక్కాయనీ, బ్యాంకు ఆ చెల్లింపులను తిప్పి పంపిందనీ, ఈ అజాగ్రత్తకు మూడు రోజులలో సంజాయిషీ ఇవ్వాలనీ అందులో ఉంది. ఆమె ఒప్పందం పొడిగింపు మరుసటి నెలలోనే జరగవలసి ఉంది.

"బాబాయిగారూ, నేను సరిగానే కొట్టాను. కాని అంకె తెరమీద పడడం లేదు. ఒక్కొక్కసారి ఒకటి కొడితే మూడు పడుతున్నాయి. ఎవరికి చెప్పినా నవ్వుతున్నారు. ఇప్పుడు నా వేళ్లమీద నాకే నమ్మకం పోయింది" అన్నది.

ఆ చివరి మాట నన్ను కదిలించింది. ఆ రెండు నెలలుగా ఆమె ప్రతి పంక్తినీ మూడుసార్లు చదువుకొంటూ, రాత్రి ఎనిమిది గంటలకు ఇల్లు చేరుతున్నదని వాళ్ల నాన్నగారు చెప్పారు. అటు ఆ ఆరుగురు కూలీలకు జీతం పది పన్నెండు రోజులు ఆలస్యమైంది. పిల్లలకు బడి జీతాలు కట్టవలసిన రోజులవి.

అనుమతి తీసుకొని మరునాడు ఆ కార్యాలయానికి వెళ్లాను. అక్కడి ఉద్యోగి ఒకాయన, "బండి పోయినప్పుడల్లా ఇంతేనండీ, పైన కరెంటు తీగ ఉందిగా" అని తేల్చేశారు. నేను అమ్మాయికి ఒక నోటుపుస్తకం ఇచ్చి, తప్పు పడిన ప్రతిసారీ గంట, నిమిషం రాయమన్నాను. పక్కనే, అప్పుడు బండి చప్పుడు వినపడిందా లేదా అన్నది కూడా రాయమన్నాను. సంజాయిషీకి మరి నాలుగు రోజుల గడువు అడిగితే ఇచ్చారు.

నాలుగు రోజుల తరువాత పుస్తకం చూశాం. తప్పు పడిన వేళల్లో చాలాసార్లు బండి చప్పుడు ఉన్న మాట నిజమే. అయితే తప్పు పడని వేళల్లో కూడా బండి చప్పుడు ఉంది! బిలాస్‌పూరులో ఏ నిమిషం చూసినా ఏదో ఒక బండి కదులుతూనే ఉంటుంది. కనుక ఇక్కడ ఏ నేరానికైనా బండిని సాక్షిగా నిలబెట్టవచ్చు. కాని ఆ పుస్తకంలో ఇంకొక సంగతి కూడా ఉంది. తప్పులన్నీ మధ్యాహ్నం మూడు నుంచి నాలుగున్నర లోపునే పడ్డాయి. ఉదయం పూట ఒక్కటి కూడా లేదు.

మూడు గంటలకు ఏం జరుగుతుంది అని అడిగాను. ఆ వేళకు రోజువారీ లెక్కలన్నిటినీ ఒక బయటి హార్డుడిస్కులోకి నకలు తీస్తారట. ఆ డిస్కు తీగ కంప్యూటరు పెట్టె వెనుక ఒక నీలిరంగు యు.ఎస్.బి. రంధ్రంలో గుచ్చి ఉంది. దానికి ఆనుకొనే, వేలెడంత దూరం కూడా లేకుండా, కీబోర్డు రిసీవరు గుచ్చి ఉంది.

తరంగాల సంత

ఇక్కడ కొంచెం శాస్త్రం చెప్పుకోక తప్పదు. తీగ లేని కీబోర్డులు, మౌసులు, బ్లూటూత్ పరికరాలు దాదాపుగా అన్నీ 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో, అంటే సెకనుకు 240 కోట్ల కంపనాల దగ్గర పనిచేస్తాయి. ఆ తరంగం పొడవు సుమారు పన్నెండున్నర సెంటీమీటర్లు. 1947లో అట్లాంటిక్ సిటీలో జరిగిన అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సమావేశంలో కొన్ని పట్టీలను పారిశ్రామిక, శాస్త్రీయ, వైద్య పరికరాల కోసం విడిచిపెట్టారు. ఇది వాటిలో ఒకటి. మైక్రోవేవ్ పొయ్యి వేడి పుట్టించేది కూడా ఈ పట్టీలోనే. 1985లో అమెరికా దీనిని లైసెన్సు లేని సమాచార పరికరాలకు తెరిచింది. మన దేశంలో 2005 జనవరి నియమాలు 2.4 నుంచి 2.4835 గిగాహెర్ట్జ్ వరకు స్వల్పశక్తి పరికరాలకు లైసెన్సు అవసరం లేకుండా చేశాయి.

లైసెన్సు లేదంటే అర్థమేమిటి? అది ఊరుమ్మడి సంత. ఎవరైనా వచ్చి అరవవచ్చు, ఎవరి స్థలమూ ఎవరికీ రిజర్వు కాదు. వైఫై రౌటరు ఆ సంతలో మైకు పట్టుకొన్న వ్యాపారి. మన కీబోర్డు మాత్రం మూల కూర్చొని గుసగుసలాడే ముసలమ్మ. రౌటరు 100 మిల్లీవాట్ల వరకు వెలువరించగలదు. కీబోర్డు శక్తి సాధారణంగా ఒకటి రెండు మిల్లీవాట్లే, లేకపోతే దానిలోని చిన్న సెల్లు నెలల తరబడి రాదు.

ఈ రద్దీలో బతకడానికి బ్లూటూత్ ఒక ఉపాయం పన్నింది. పట్టీని 79 చిన్న మార్గాలుగా విభజించి, సెకనుకు 1600 సార్లు ఒక మార్గం నుంచి మరొక మార్గానికి గెంతుతూ ఉంటుంది. 2003లో వచ్చిన 1.2 రూపం నుంచి రద్దీగా ఉన్న మార్గాలను గుర్తించి తప్పించుకొనే తెలివి కూడా వచ్చింది. అయినా మొత్తం పట్టీ అంతటా ఒకేసారి గోల లేస్తే ఎంత గెంతినా లాభం లేదు. ఎక్కడికి గెంతినా గోలే కదా!

సరిగ్గా ఆ పని చేసేది నీలిరంగు రంధ్రం, అంటే యు.ఎస్.బి. 3.0. అది సెకనుకు 500 కోట్ల బిట్ల వేగంతో సమాచారం నడుపుతుంది. ఆ వేగంలో నడిచే విద్యుత్ సంకేతాల నుంచి పుట్టే రొద 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతమంతా పరచుకొంటుంది. ఇంటెల్ సంస్థ 2012లో వెలువరించిన ఒక సాంకేతిక పత్రంలో ఈ సంగతిని కొలతలతో చూపించింది. యు.ఎస్.బి. 3.0 హార్డుడిస్కు తగిలించినప్పుడు ఆ పట్టీలో రొద సుమారు 20 డెసిబెల్లు, అంటే నూరు రెట్ల వరకు పెరిగింది. డిస్కు పనిచేస్తున్నంతసేపే ఈ రొద ఎక్కువ. పని ఆగితే బాధ తగ్గుతుంది. అందుకే ఈ జబ్బు వస్తూ పోతూ ఉంటుంది, మనిషి మీద నింద పడుతుంది.

మరి 25 కిలోవోల్టుల తీగ మాట? అందులో నడిచేది సెకనుకు 50 ఆవృత్తుల విద్యుత్తు. కీబోర్డు తరంగం దానికి నాలుగు కోట్ల ఎనభై లక్షల రెట్లు. పాంటోగ్రాఫు దగ్గర నిప్పురవ్వ లేచినప్పుడు పుట్టే రొద పాత మీడియం వేవ్ రేడియోను గరగరలాడించిన మాట నిజం. కాని మన బల్లమీద ఒక మీటరు దూరంలో ఉన్న కీబోర్డును ఆ తీగ చెడగొట్టిందనడానికి ముందు ఇంకా చాలా దగ్గరలో ఉన్న నేరస్థులను విచారించాలి.

పరీక్ష చేసిన తీరు

కారణం ఊహించడం వేరు, రుజువు చేయడం వేరు. ముందుగా కీబోర్డులో కొత్త సెల్లు వేశాం. తప్పులు పోలేదు. దానితో సెల్లు నిర్దోషి అని తేలింది. తరువాత నోట్‌ప్యాడు తెరిచి, సున్న నుంచి తొమ్మిది వరకు అంకెలను ఇరవైసార్లు వరుసగా కొట్టమన్నాను. డిస్కు ఊరికే ఉన్నప్పుడు 200 అంకెలూ సరిగా పడ్డాయి. నకలు నడుస్తుండగా కొడితే ఏడెనిమిది చోట్ల తప్పింది. కొన్ని అంకెలు మాయమయ్యాయి, కొన్ని రెండు మూడు పడ్డాయి.

ఒక అంకె మూడు ఎందుకు పడుతుందని పాఠకులకు సందేహం రావచ్చు. మీట నొక్కినప్పుడు ఒక వార్త, వదిలినప్పుడు మరొక వార్త కీబోర్డు నుంచి వెళ్తాయి. నొక్కిన వార్త దారిలో పోతే అంకె మాయం. వదిలిన వార్త పోతే, వేలు ఇంకా మీటమీదే ఉన్నదనుకొని కంప్యూటరు అదే అంకెను మళ్లీ మళ్లీ వేస్తుంది.

తరువాత ఒక మీటరు పొడవు యు.ఎస్.బి. పొడిగింపు తీగ తెప్పించి, రిసీవరును వెనుక నుంచి తీసి బల్లమీదికి, కీబోర్డు ముందుకు తెచ్చాం. నకలు నడుస్తున్నా ఒక్క తప్పు లేదు. మళ్లీ వెనక్కు గుచ్చాం. తప్పులు మళ్లీ వచ్చాయి. మళ్లీ ముందుకు తెచ్చాం. పోయాయి.

మిత్రులారా, ఈ వ్యాసంలో గుర్తుంచుకోవలసిన మాట ఒక్కటే. తప్పును మనం కోరినప్పుడు రప్పించి, కోరినప్పుడు పోగొట్టగలిగితేనే దాని కారణం దొరికినట్లు. అంతవరకు మనం పలికేవన్నీ అనుమానాలే. అనుమానంతో యంత్రాన్ని విప్పితే ఒక మర పోవచ్చు. అనుమానంతో మనిషికి మెమో ఇస్తే పోయేది అంతకంటె పెద్దది.

మీరు చేసుకోదగిన పరీక్షలు

ఈ క్రింది వరుసలో, ఒకసారికి ఒక్క మార్పు మాత్రమే చేస్తూ పోండి. నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే జబ్బు నయమైనా ఏ మందుకు నయమైందో తెలియదు.

1. విద్యుత్తు: ముందు సెల్లు మార్చండి. చౌకరకం సెల్లులో వోల్టేజి త్వరగా జారిపోతుంది. తిరిగి చార్జి చేసే నికెల్ సెల్లు 1.2 వోల్టులే ఇస్తుంది, ఆల్కలైన్ సెల్లు 1.5 వోల్టులు ఇస్తుంది. కనుక తెరమీది బ్యాటరీ గుర్తును పూర్తిగా నమ్మవద్దు. ఆల్కలైన్ సెల్లు కారి స్ప్రింగు మీద తెల్లని పొడి పేరుకొంటే, దూదిని నిమ్మరసంలో గాని వెనిగరులో గాని కొద్దిగా తడిపి తుడిచి, తడి ఆరిన తరువాతనే కొత్త సెల్లు వేయండి.

2. దూరం: రిసీవరును కీబోర్డుకు కనబడే చోటికి తీసుకురండి. ఖాళీ ప్రదేశంలో దూరం రెట్టింపైతే అందే శక్తి నాలుగోవంతు అవుతుంది. పొడిగింపు తీగ ఖరీదు స్వల్పం. నా అనుభవంలో సగానికి పైగా జబ్బులు దానితోనే పోతాయి.

3. అడ్డు: కంప్యూటరు పెట్టె ఇనుప రేకుతో చేసినది. దాని వెనుక గుచ్చిన రిసీవరు ఇనుప గోడ చాటున కూర్చొన్నట్లే. ఇనుప బీరువా, ఇనుప బల్ల కూడా ఇంతే. నీరు ఈ తరంగాలను పీల్చుకొంటుంది. మే నెలలో మన ఊళ్లో ప్రతి గదిలోను నీళ్లతో నిండి ఉండే రేకు కూలరు, ఇనుము, నీరు రెండూ కలిసిన అడ్డు. మన శరీరంలోనూ అధిక భాగం నీరే కనుక మనమే అడ్డు కావచ్చు.

4. రొద: హార్డుడిస్కును, పెన్‌డ్రైవును నీలిరంగు రంధ్రంలో ఉంచి, రిసీవరును వీలైనంత దూరంలో ఉన్న నల్లరంగు రంధ్రంలోకి మార్చండి. వైఫై రౌటరు బల్లమీద ఉంటే ఒకటి రెండు మీటర్లు జరపండి. సౌకర్యముంటే కంప్యూటర్లను, ఫోన్లను 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మార్చండి. 2.4లోనే ఉంచవలసి వస్తే 1, 6, 11 చానళ్లలో ఇరుగుపొరుగు వాడనిది ఎంచుకోండి.

5. నిద్ర: కొంతసేపు వాడకపోతే మౌసు ఆగిపోయి, కదిపిన తరువాత ఆలస్యంగా మేల్కొంటున్నదా? విండోస్ కంప్యూటరులో డివైస్ మేనేజరు తెరిచి, బ్లూటూత్ లేదా యు.ఎస్.బి. హబ్ యొక్క పవర్ మేనేజ్‌మెంట్ పుటలో, విద్యుత్ ఆదా కోసం పరికరాన్ని ఆపివేయడానికి ఇచ్చిన అనుమతి గుర్తును తీసివేయండి.

6. జత: బ్లూటూత్ పరికరం పాత ఫోనుతోనో, పక్కగది కంప్యూటరుతోనో ముందే జతకట్టి ఉంటే మీ దగ్గరికి రాదు. పాత జతలను రెండు వైపులా తొలగించి మళ్లీ కొత్తగా కలపండి.

ఇన్నీ చేసినా జబ్బు పోకపోతే అదే కీబోర్డును మరొక కంప్యూటరుకు పెట్టి చూడండి. జబ్బు కీబోర్డుతో వెళ్లిందా, కంప్యూటరుతో నిలిచిందా అన్నది అప్పుడు తేలిపోతుంది.

ఎర్ర దీపం లేని యంత్రం

రైల్వే సిగ్నలింగు వారి నుంచి మనం నేర్వదగిన నీతి ఒకటుంది. ట్రాక్ సర్క్యూటులో తీగ తెగినా, బ్యాటరీ నీరసించినా, రిలే పడిపోయి సిగ్నలు ఎర్రబడుతుంది. బండి ఆగుతుంది. ఆలస్యమైతే కావచ్చు గాని ప్రమాదం జరగదు. యంత్రం తనకు జబ్బు చేసిందని తానే చెప్పుకొనే ఏర్పాటు అది.

మన తీగ లేని కీబోర్డుకు అటువంటి ఎర్ర దీపం లేదు. అంకె పోయినా అది మౌనంగానే ఉంటుంది. ఉత్తరంలో ఒక అక్షరం పోతే చదివేవాడు సరిచేసుకొంటాడు. ఖాతా సంఖ్యలో ఒక అంకె పోతే ఒక ఇంట పొయ్యి ఆలస్యంగా వెలుగుతుంది. అందువలన డబ్బు, మందుల మోతాదు, కొలతలు, ఇటువంటి అంకెలు ఎక్కించే బల్లల దగ్గర తీగ ఉన్న కీబోర్డే ఉత్తమమని నా సలహా. బల్లమీద తీగ కనబడడం నామర్దా కాదు. దానికి తోడు, ముఖ్యమైన సంఖ్యలను రెండుసార్లు కొట్టించి, రెండూ సరిపోతేనే స్వీకరించేలా ప్రోగ్రాము రాయించడం మంచిది.

చివరిగా ఆ అమ్మాయి సంగతి. ఆమె తన సంజాయిషీతోపాటు పరీక్ష ఫలితాలు, వేళలు రాసిన నోటుపుస్తకం జతచేసింది. మెమో ఇచ్చిన అధికారి చదివి, తాను స్వయంగా చూస్తానన్నారు. రిసీవరును పాత చోటే గుచ్చించి, నకలు మొదలుపెట్టించి, ఆమె కుర్చీలో కూర్చొని తన ఫోను సంఖ్యను తానే కొట్టారు. ఆరుసార్లు సరిగా వచ్చింది. ఏడోసారి ఒక అంకె పోయింది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆయన మరొకసారి కొట్టి చూసి, లేచి, "దోషం పరికరానిది, మెమో ఉపసంహరించడమైనది" అని ఫైలుమీద రాశారు. తప్పు ఒప్పుకోవడానికి వెనుదీయని ఆ అధికారిని కూడా మెచ్చుకోవాలి. ఆమె ఒప్పందం పొడిగింపబడింది. ఇప్పుడు ఆమె బల్లమీద తీగ ఉన్న కీబోర్డు ఉంది.

ఆ ఆరు ఇళ్లలో ఆలస్యమైన రోజులు మాత్రం తిరిగి రావు. మన కార్యాలయాలలో ఎవరైనా, "నేను సరిగానే కొట్టానండీ" అంటే నవ్వేముందు ఒక నోటుపుస్తకం, ఒక మీటరు తీగ తీసుకొని ఆ బల్ల దగ్గరికి వెళ్లండి. అరగంట పని. వచ్చే సంచికలో వేసవిలో కంప్యూటర్ల వేడిమి, దుమ్ము గురించి ముచ్చటించుకొందాం. పాఠకులు తమ అనుభవాలను సంపాదకుల ద్వారా తెలియజేస్తే సంతోషిస్తాను.